చెంప మీద ఓటు ముద్ర

వార్డు ఆఫీసు వెనక మెట్ల కింద మనిషి పడి ఉన్నాడు. వెల్లకిలా. తల కాంక్రీటు గట్టుకు తగిలి పగిలింది.

వాన పడుతోంది. కానీ ముఖం తడవలేదు. ఎవరో అడ్డంగా గొడుగు తెరిచి పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ ప్యో ఆ గొడుగు పక్కకు జరిపాడు.

కుడి చెంప మీద ఎర్రటి ముద్ర. చిన్న సున్నా. అందులో ఒక నిలువు గీత. దాని పక్కనుంచి కిందికి వాలిన చిన్న కొమ్మ.

ఆ ముద్ర హేరిమ్ రేవులో, ఆ మాటకొస్తే కొరియా అంతటా, పసిపిల్లలకూ తెలుసు. బ్యాలెట్ మీద కొట్టే ఓటు ముద్ర.

"తక్ మాన్-షిక్," అంది సార్జెంట్ బ్యన్. "సముద్రపు నాచు ఎండబెట్టి అమ్ముతాడు. దేశ మాజీ అధ్యక్షుడి పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటు. పొద్దుటినుంచీ పైన బూత్‌లోనే కూర్చున్నాడట."

"శవాన్ని ముందు ఎవరు చూశారు?"

"బూత్ ఇన్‌చార్జి, ఓక్ జీ-రాన్. ఆవిడ చేతులనిండా రక్తం సార్."

శవం పక్కన మెషీన్‌లో కొనే వేడి కాఫీ డబ్బాలు రెండు. ఒకటి తెరిచి ఉంది. రెండోదాన్ని ప్యో వేలితో తాకాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది.

చనిపోయినవాడి మణికట్టుకు ఫోన్ తాడు. అది తెగింది. ఫోన్ లేదు.

"కెమెరా?"

బ్యన్ తల పైకెత్తి చూపించింది. మెట్ల మీది కెమెరా కంటికి తెల్లకాగితం అంటించి ఉంది. ఓటర్ల రహస్యం కోసం పోలింగ్ రోజుల్లో అలా మూయడం నియమం.

ఎన్నికల రోజున రాలేనివాళ్ల కోసం కొన్ని రోజుల ముందే జరిపే ముందస్తు పోలింగ్‌లో రెండో రోజు అది. ఉదయం పది దాటింది. పైన ఓటింగ్ ఆగలేదు. గోడకు అవతల గుంపు కేకలూ ఆగలేదు.

"దొంగ పెట్టె! దొంగ ఓట్లు!"

ప్యో ముందువైపుకు నడిచాడు.

గోడ పొడవునా చావుపూల స్టాండ్లు. మనిషెత్తువి. వరసలు వరసలుగా తెల్ల చేమంతులు, వాటికి వేలాడే నల్ల రిబ్బన్లు. చనిపోయినవాళ్ల ఇంటికి పంపే పూలవి. ఈ రిబ్బన్ల మీద ఉన్నది మాత్రం బతికున్న మనిషి పేరు. ఓక్ జీ-రాన్. వానకు రంగు దిగి, అక్షరాలు కింది పూలను నల్లబరుస్తున్నాయి.

వాటిపైన పెద్ద బ్యానర్.

"ముందస్తు ఓటు వేయకండి! ఎన్నికల రోజున కూడా ముద్రను నమ్మకండి! సిరా ఉందో లేదో ముందు అరచేతి మీద కొట్టి చూసుకోండి!"

బ్యానర్ కింద హామ్ త్యే-ఇల్. పాత సైనికుడు. ఇప్పుడు యూట్యూబ్ ఛానెల్ నడుపుతాడు. ప్రచారానికి వచ్చే అందరిలాగే చేతులకు తెల్ల గ్లవ్స్. ఒక చేతిలో కర్రకు బిగించిన ఫోన్.

"చూడండి తమ్ముళ్లూ! అక్కయ్యలూ! గోడెక్కి మనవాళ్లు తీసిన ఫోటో ఇది. సాక్షిని చంపి చెంప మీద ముద్ర కొట్టారు! ఆ ముద్రలు ఎవరి అదుపులో ఉంటాయి? ఆ ఓక్ జీ-రాన్ అదుపులో!"

గుంపు హోరెత్తింది. ఎవరో రాయి విసిరారు. రెండో అంతస్తు కిటికీ అద్దం భళ్లుమంది.

ఓటు వేయడానికి వరసలో ఉన్న ఒక ముసలమ్మ తల వంచుకుంది. కానీ వరస వదిలి పోలేదు.

*

కింది అంతస్తు మీటింగ్ గదిలో జీ-రాన్ గోడవైపు కూర్చుంది. నలభై దాటని మనిషి. చేతులు ఇంకా కడుక్కోలేదు. ప్యో తడిగుడ్డ ఇచ్చాడు.

"వెనక మెట్ల దగ్గరికి ఎందుకు వెళ్లారు?"

"ఆయనే రమ్మన్నారు. తక్ గారు."

"ఏమన్నారు?"

"'కాసేపాగి వెనక్కి రామ్మా, నవ్వుకునే విషయం ఒకటి చూపిస్తా' అన్నారు. మళ్లీ గబగబా వెళ్లిపోయారు."

"మీకూ ఆయనకూ పడదని విన్నాను."

"మొన్నటిదాకా పడేది కాదు. పెట్టె సీలు మీద చెయ్యి వేస్తే నా చెయ్యి పట్టుకునేవారు. 'దొంగా' అని మొహం మీదే అన్నారు." ఆమె గుడ్డను మడతపెట్టింది. "ఇవాళ పొద్దున వచ్చి, 'రాత్రి పెట్టె గదికి కాపలాగా నేనే పడుకున్నానమ్మా. దొంగలెవరూ రాలేదు, నాకు నడుంనొప్పి మాత్రం వచ్చింది' అన్నారు. ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు."

"మీరు వెళ్లేసరికి?"

"పడిపోయి ఉన్నారు. తల పైకి లేపాను. ఊపిరి లేదు."

"గొడుగు?"

"నాదే." ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "కళ్లలో వాన పడుతోంది సార్. చూడలేకపోయాను."



బయటినుంచి తన పేరు వినబడుతుంటే ఆమె ఒక్కోసారి ఉలిక్కిపడుతోంది. "మా అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంది సార్. మా ఇంటి చిరునామా వాళ్ల వీడియోలో చెప్పేశారు."

బ్యన్ వైపు చూశాడు ప్యో. ఆమె అప్పటికే ఫోన్ తీసింది. "స్టేషన్‌కి చెప్పి ఇద్దరిని పంపిస్తా అక్కా. భయపడకు."

*

తర్వాత పిలిచింది కూ బోక్-డాంగ్‌ను. ఆల్చిప్పలు అమ్మే ముసలివాడు. అవతలి పార్టీ పోలింగ్ ఏజెంటు. చనిపోయినవాడికి చిన్ననాటి స్నేహితుడు. పొద్దున ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారని బూత్‌లో అందరూ చెప్పారు.

"దేని మీద?"

"దేనిమీదైనా! అరవై ఏళ్లుగా పోట్లాడుతున్నాం బాబూ. ఇవాళ నేను తెచ్చిన నాచులో చుట్టిన అన్నంలో ముల్లంగి ఊరగాయ లేదని."

"ఆ చేతి మీద ఏమిటి?"

కూ ఎడమ చెయ్యి వెనక్కి తిప్పి చూపించాడు. ఎర్రటి ఓటు ముద్ర. "పొద్దున ఓటేసి కొట్టుకున్నా. ఇది చూపిస్తే నూడుల్స్ కొట్టువాడు గుడ్డు ఊరికే వేస్తాడు. మీ సార్జెంటమ్మ కూడా కొట్టుకుంది, చూడు."

బ్యన్ చెయ్యి వెనక్కి దాచుకుంది. "మా అమ్మాయికి ఫోటో పంపడానికి సార్."

"తక్ గారు మాజీ అధ్యక్షుణ్ణి నమ్మేవారా?"

ముసలివాడి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"చలికాలమంతా సియోల్‌లో ఆ మహానుభావుడి ఇంటిముందు జెండా పట్టుకుని నిలబడ్డాడు. కాలివేళ్లు రెండు చచ్చుబడ్డాయి. ఒకరోజు ఆయన కారు వీడి పక్కనుంచే పోయింది. అద్దం కూడా దించలేదు. వచ్చి నాతో అన్నాడు, 'ఒరే బోక్-డాంగ్, ఆయనకు మనం కనబడం రా' అని."

"పార్టీ వదిలేశారా?"

"లేదు. పార్టీ నాదే, అబద్ధం మాత్రం నాది కాదన్నాడు. ఆయన గెలిచిన ఏడాది ఇదే పెట్టె, ఇదే ముద్ర. అప్పుడు పెట్టె పవిత్రం. పార్లమెంటు ఎన్నికల్లో ఓడగానే పెట్టె దొంగదైంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట! రేపు అందరి ముందూ ఆ మాటే చెబుతానన్నాడు వాడు." కూ ముక్కు తుడుచుకున్నాడు. "ఊరగాయ తెచ్చి ఉండాల్సింది."

*

మధ్యాహ్నానికి మాజీ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. బయట లౌడ్‌స్పీకర్‌లో వినిపించారు.

"నా సాక్షిని చంపారు. ఆయన చెంప మీది ముద్రే ఈ ఎన్నికల అసలు ఫలితం."

గుంపు రెట్టింపైంది. బస్సుల్లో దిగుతున్నారు. స్టేషన్ నుంచి వచ్చిన పోలీసులు చాలడం లేదు. జిల్లా కమిషనర్ ఫోన్ చేశాడు. "సాయంత్రంలోగా ఆవిణ్ణి అరెస్టు చెయ్యవయ్యా. లేకపోతే వాళ్లే లాక్కుపోతారు."

ప్యో ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. చేతిలో శవం ముఖం ఫోటో. ముద్రలో ఏదో తేడా. నిలువుగా చూశాడు. తలకిందులుగా చూశాడు. ఎటు తిప్పినా కుదరడం లేదు.

బ్యన్ వచ్చి టీ కప్పు కిటికీలో పెట్టింది. బయట మబ్బు. కిటికీ అద్దంలో లోపలిదంతా ప్రతిబింబిస్తోంది. అందులో ఆమె చెయ్యి కనబడింది. చేతి మీది ముద్ర కనబడింది.

ప్యో ఫోటోను అద్దం పక్కన పట్టుకున్నాడు.

రెండూ ఒకటే.

"సార్జెంట్, హామ్ సియోల్ సభ ఎప్పుడు?"

"ఎన్నికల రోజు, పొద్దుటినుంచి రాత్రిదాకా. మొదటి ఉపన్యాసం ఆయనదేనట. పోస్టర్లు అన్ని గోడల మీదా ఉన్నాయి."

"ఇక్కణ్ణుంచి సియోల్‌కి?"

"కార్లో ఐదు గంటలు."

"అందరినీ లోపలికి పిలు."

*

హామ్ కర్ర, ఫోన్‌తో సహా వచ్చాడు.

"లైవ్ ఆపను. ప్రజలు చూడాలి."

"ఆపకండి," అన్నాడు ప్యో. "నేనూ అదే కోరుకుంటున్నాను."

జీ-రాన్ గోడవైపు. కూ తలుపు పక్కన. బ్యన్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

ప్యో బల్ల మీద ఖాళీ కాగితం పరిచాడు. దాని మీద ఓటు ముద్ర కొట్టి, సిరా ఆరకముందే మడిచి, విప్పాడు. ఇప్పుడు రెండు ముద్రలు. ఒకదాంట్లో కొమ్మ కుడికి. రెండోదాంట్లో ఎడమకి.

"పూర్వం ఈ ముద్రలో సున్నా ఒక్కటే ఉండేది. కాగితం మడిస్తే అవతలివైపు కూడా అంటేది. ఏది ఓటో, ఏది మరకో తెలిసేది కాదు. అందుకే లోపల ఈ కొమ్మ పెట్టారు. కుడికి ఉంటే ముద్ర. ఎడమకి ఉంటే మరక."

ఫోటో ముందుకు తోశాడు.

"తక్ గారి చెంప మీద కొమ్మ ఎడమకి ఉంది. ఎవరూ ఆయనకు ముద్ర కొట్టలేదు. అప్పటికే ముద్ర ఉన్న చెయ్యి ఒకటి ఆయన చెంపను అదిమింది. కుడిచేత్తో ఫోన్ లాక్కుంటూ, ఎడమచేత్తో మొహం వెనక్కి నెట్టారు. తాడు తెగింది. మనిషి పడిపోయాడు."

"నా చెయ్యి కాదు," అన్నాడు కూ. "నాది వెనకవైపు ఉంది!"

"అవును. ఫోటోల కోసం, గుడ్డు కోసం కొట్టుకునేవాళ్లు చేతి వెనక కొట్టుకుంటారు. అరచేతి మీద ఎవరు కొట్టుకుంటారు?"

బయట బ్యానర్ గాలికి టపటపలాడింది.

"సిరాను నమ్మనివాళ్లు. హామ్ గారి మాట విన్నవాళ్లు. కానీ వాళ్లెవరూ ముందస్తు ఓటు వేయరు. వేసినవాడు ఒక్కడే."

హామ్ నవ్వాడు. "నేనా? నరికినా ఈ పెట్టెలో ఓటు వెయ్యను. ఎన్నికల రోజున ఇక్కడే వేస్తా."

"ఆ రోజంతా మీరు సియోల్‌లో ఉంటారు. టోపీ, మాస్కు పెట్టుకుని వచ్చారు. కార్డు చూసిన అమ్మాయి పక్క ఊరిది, మిమ్మల్ని ఎరగదు. కానీ తక్ గారు దూరం నుంచే నడక చూసి పోల్చుకుని ఉంటారు. మెట్ల దగ్గర ఫోటో తీశారు. 'నవ్వుకునే విషయం' అదే. ఒక కాఫీ తాను తెరుచుకుని, రెండోది ఈవిడ కోసం పెట్టుకున్నారు."

"కట్టుకథ!"

"మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. వేశారో లేదో మాత్రం ఓటర్ల కంప్యూటర్‌కు తెలుసు. కోర్టు అనుమతి కోసం మనిషి వెళ్లాడు. ఈలోగా ఎడమ గ్లవ్ తియ్యండి."

హామ్ తాపీగా గ్లవ్ తీశాడు. అరచెయ్యి ఫోన్ ముందు పెట్టాడు. ఎర్రగా తోమేసినట్టుంది. ముద్ర లేదు.

"చూశారా తమ్ముళ్లూ?"

"చెయ్యి బాగా కడుక్కున్నారు," అన్నాడు ప్యో. "కాగితం మీద ఈ సిరా ఇట్టే ఆరుతుంది. చెమట చేతి మీద ఆరదు. కడుక్కునే ముందు కంగారులో గ్లవ్ తొడుక్కున్నారేమో. తిరగేయండి."

హామ్ కదల్లేదు.

బ్యన్ గ్లవ్ అందుకుని లోపలివైపు బయటికి తిప్పింది. బొటనవేలి మొదట్లో వెలిసిన ఎర్ర సున్నా. కొమ్మ ఎడమకి.

హామ్ చెయ్యి ఫోన్ వైపు పోయింది.

"ఆపకండి," అన్నాడు ప్యో. "ప్రజలు చూడాలి."

హామ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వాడు నవ్వాడు. 'ఏమోయ్, మా ఓట్లు పోయినా ఫరవాలేదు, నీ ఓటు మాత్రం భద్రంగా ఉండాలా?' అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఫోన్ ఇమ్మన్నాను. చంపాలనుకోలేదు."

"తర్వాత?"

"ఫోన్ సముద్రంలో పడేశాను. ముద్ర..." అతను ఫోటో వంక చూశాడు. "వానకు పోతుందనుకున్నాను."

ప్యో జీ-రాన్ వైపు తిరిగాడు.

"పోయేదే. చంపినవాడికి వాన కావాలి. గొడుగు పెట్టింది ఈవిడ."

ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. కూ లేచి వెళ్లి, తన కోటు ఆమె భుజాల మీద కప్పాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది.

"నేను పైకి వెళ్లొచ్చా సార్? పెట్టె దగ్గర ఉండాలి."

*

హామ్‌ను తీసుకుపోయిన వ్యాన్ మీద గుంపు పూలు చల్లింది.

బ్యన్ ఫోన్‌లో కామెంట్లు చదివింది. "గ్లవ్ మార్చేశారట. ఒప్పించడానికి మందు పెట్టారట. మాజీ అధ్యక్షుడు ఇంకో ప్రకటన చేశాడు. ఈసారి మీ పేరుంది సార్."

పైన ఓటర్ల వరస ఇంకా కదులుతోంది. కిటికీ పగిలినచోట ఎవరో అట్టముక్క అంటించారు.

పూలబండి ఒకటి వచ్చి ఆగింది. ఒక పెద్దాయన దిగాడు. నల్ల రిబ్బన్ వేలాడే కొత్త స్టాండు దించాడు.

"ఇన్‌స్పెక్టర్ ప్యో అంటే ఎవరండీ? పంపినవాళ్లు చేతికే ఇమ్మన్నారు."

రిబ్బన్ మీద అక్షరాల తడి ఇంకా ఆరలేదు. ప్యో ఆత్మకు శాంతి కలగాలట.

"పారేయనా సార్?" అంది బ్యన్.

"వద్దు. కత్తెర ఉందా?"

రిబ్బన్ కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. పూలస్టాండును ఎత్తుకుని ఆఫీసు చుట్టూ తిరిగి వెనక్కి నడిచాడు. మెట్ల కింద సుద్దగీతలు వానకు కరిగిపోతున్నాయి. ముందుగోడ పొడవునా అన్ని పూలు. ఇక్కడ ఒక్కటీ లేదు.

స్టాండును గట్టు పక్కన నిలబెట్టాడు. తెరవని కాఫీ డబ్బా లాంటిదే ఒకటి మెషీన్‌లో కొని పూల కింద పెట్టాడు.

వీధి చివర మరో పూలబండి మలుపు తిరుగుతోంది.