మైపాడు హేచరీలో మూడో బూట్

“నిమ్మకాయ పచ్చిదా, పండా?”

“పండేదానికి ఇంకా రెండ్రోజులుండాది.”

కోడ్ సరిపోయింది. గూడూరు నిమ్మ మార్కెట్లో దళారి వేషంలో ఉన్న చీఫ్ రంగనాయకులు గొంతు తగ్గించాడు.

“మైపాడు తీరంలో రొయ్యపిల్లల హేచరీ. కన్సల్టెంట్‌నని చెప్పుకునే మార్టిన్ విదేశీ ముఠా లీడర్. అతని కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ ఉండాయి. విండోస్‌లో హేచరీ పనులు. లినక్స్‌లో మన నేవీ మ్యాప్‌లు, వాటిని అమ్మిన ద్రోహుల పేర్లు. ఆ పేర్లు మనకి కావాల. మన జూనియర్ ఆసిమ్ కంప్యూటర్ మెకానిక్‌గా పోయి, మెషిన్ లేచేటప్పుడు ముందు నడిచే బూట్‌లోడర్‌లో కనపడని మూడో ఎంట్రీ పెడతాడు. మెషిన్ ఎప్పుడు స్టార్టయినా ముందు బ్యాకప్, తర్వాతే మిగతాది.”

“మరి నేను?” అన్నాడు ఏజెంట్ పెంచలకృష్ణ.

“ఎలక్ట్రీషియన్‌వి. బయట కాపలా.”

పెంచలకృష్ణకు కడుపు మండిపోయింది. సీనియర్ తను. ఏసీలో ఆసిమ్! పైగా అక్కడ మార్టిన్ సెక్రటరీగా ఉన్నది కరుణాకుమారి. మన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే నెల్లూరంతా తలతిప్పి చూస్తుంది.

హేచరీలో ఆసిమ్ పని చకచకా ముగించాడు. ఇక రీస్టార్ట్ కావాలి. కానీ మళ్లీ వచ్చి కూర్చున్న మార్టిన్ కుర్చీ వదలడే! అంతలో అతనికి ఫోన్ వచ్చింది. అవతలి గొంతు పక్కనున్న కరుణాకుమారికీ వినపడింది. “డిస్క్ మొత్తం చెరిపెయ్.”

బయట మెయిన్ బోర్డు దగ్గరున్న పెంచలకృష్ణకు ఇదేమీ వినపడలేదు. కిటికీ అద్దంలోంచి ఒక్కటే కనపడింది. టేబుల్ కింద కరుణాకుమారి ఆసిమ్ చెయ్యి పట్టుకుంది.

డ్యూటీలో ఇదేం పని! ఒళ్లు మండి మెయిన్ స్విచ్ లాగేశాడు.

“ట్యాంకుల్లో గాలి ఆగిపోయిందిరా! రొయ్యపిల్లలన్నీ చచ్చిపోతాయి!” మేనేజర్ చెంచమ్మ కేకపెట్టింది. కరెంటు పోతే హేచరీలో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే కన్సల్టెంట్ వేషం బయటపడుతుంది. తిట్టుకుంటూ మార్టిన్ కూడా ట్యాంకుల వైపు పరిగెత్తాడు.

జనరేటర్ అందుకుంది. కంప్యూటర్ తనంతట తానే లేచింది. మూడో ఎంట్రీ చప్పుడు లేకుండా, ఆసిమ్ వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ మొదలుపెట్టింది.

మార్టిన్ తడిచేతులతో తిరిగొచ్చి, లినక్స్ తెరిచి, ఎంటర్ నొక్కి అంతా చెరిపేశాడు. అంతకు ఒక్క సెకను ముందే ఆసిమ్ పెన్‌డ్రైవ్ లాగేశాడు. తలుపులో చీఫ్ పంపిన కమాండోలు నిలబడ్డారు.

“వాడు చెరిపేస్తన్నాడని ఆసిమ్ చెయ్యి నొక్కి చెప్పినా. రీస్టార్ట్ ఎట్టా చేయాల్నో మాకు తోచలా. బయటున్న నీకెట్టా తెలిసిందన్నా?” అంది కరుణాకుమారి.

ఆ ‘అన్నా’ గుండెలో గుచ్చుకుంది.

“అనుభవంలే,” అన్నాడు పెంచలకృష్ణ.

ఫైల్లో ‘సమయస్ఫూర్తి’ అని రాసి చీఫ్ మెడల్ ఇప్పించాడు. అది చేతిలో పట్టుకుని పెంచలకృష్ణ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు. ఆసిమ్ బైక్ వెనక కరుణాకుమారి ఎక్కి కూర్చుంది. మెడల్ వాడికిచ్చి, ఆ బైకేదో తనకిచ్చి ఉంటే డిపార్ట్‌మెంట్ సొమ్మేం పోయేది?