చేతిపాఠం

చావింటికి వచ్చినవాళ్ళంతా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడదే మర్యాద. కనకరత్నం రాత్రి పడుకున్న చాప మీదే ఉంది. పక్కన కాగులో స్నానానికి పెట్టిన నీళ్ళు చల్లారిపోతున్నాయి.

చేతిపాఠం వచ్చి పదకొండేళ్ళు. అంతకుముందు ఆగిన గుండెను నడిపించడం బొమ్మ మీద నేర్పేవారు. జనం ఆరు నెలల్లో మరిచిపోయేవారు. ఇప్పుడు సబ్ సెంటర్లో అందరికీ మణికట్టు చర్మం కింద సన్నటి తీగ పోగులు రెండు ఎక్కిస్తారు. గుండె ఆగిన మనిషిని తాకితే చాలు, చేతులే ఛాతీ మీదికి వెళ్ళి నొక్కుతాయి. ఊళ్ళో ముగ్గురు బతికారు. అది అబద్ధం కాదు. కానీ మరణం నమోదయ్యేదాకా ఆ శరీరాన్ని ఎవరు తాకినా చేతులు అదే పని చేస్తాయి.

తెల్లవారుజామున చెన్నకేశవులు భార్య కనకరత్నం ఛాతీని ఇరవై ఏడు నిమిషాలు నొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు మొదటి నిమిషంలోనే వినిపించింది. అంబులెన్సు రాలేదు. చివరికి మరదలు తులసమ్మ అతని భుజాలు పట్టి వెనక్కి లాగింది.

నర్సు జ్యోత్స్న నొక్కిన నిమిషాలు లెక్కపెట్టే నాడిపలక చూసి తల దించుకుంది.

"ఇరవై ఏడే ఉంది బాబాయ్. ముప్పై నిమిషాలు నిండితేగానీ చావు నమోదు కాదు."

"మనిషి చల్లబడి నాలుగు గంటలైంది. కనపడట్లా?" అన్నాడు చెన్నకేశవులు.

"నాకు కనపడుద్ది. దీనికి కనపడదు. పైవాళ్ళకి మూడుసార్లు ఫోన్ చేశా. ఆదివారం అంటన్నారు."

"చావడానిక్కూడా వారం చూసుకోవాలా?" అంది తులసమ్మ. "బీపీ మాత్రల కోసం మా అక్క మీ సెంటరు చుట్టూ తిరిగింది. ఎప్పుడడిగినా స్టాకు లేదు. పోగులు మాత్రం ఎప్పుడూ ఉంటై."



"ఆ మూడు నిమిషాలు ఇంకొకళ్ళు నొక్కితే?" అన్నాడు చెన్నకేశవులు.

"మొదలుపెట్టిన చేతులే పూర్తి చెయ్యాలి బాబాయ్. లేకపోతే రేపు డాక్టరు వచ్చి చూడాలి."

మే నెల. రేపటిదాకా ఉంచే ఎండలు కావు. పైగా ఆమెకు అతనే స్నానం చేయించాలి. పక్షవాతంతో పడివున్న రెండేళ్ళూ ఆమె ఇంకొకరి చేయి పడనివ్వలేదు.

"అందరూ బయటికి పొండి," అన్నాడు.

జ్యోత్స్న పలక పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. తులసమ్మ గోడవైపు తిరిగింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని భార్య భుజాన్ని తాకాడు. చేతులు ఛాతీ మీదికి వెళ్ళిపోయాయి. వాటికి తొందర లేదు, అలసట లేదు. ఈసారి లోపల అడ్డుపడే ఎముక కూడా లేదు.

మూడు నిమిషాలకు పలక మోగింది. ప్రాణరక్షకుడిగా మీ సేవకు ధన్యవాదాలు, అంది. చేతులు వదులయ్యాయి.

"అయిపోయింది బాబాయ్. ఇక తాకొచ్చు."

అతను కాగులో చెంబు ముంచాడు. ఆమె తల దాకా తీసుకెళ్ళాడు. జాకెట్టు కింద ఛాతీ పల్లంగా దిగిపోయి ఉంది. చాలాసేపు చూశాడు. చెంబు తులసమ్మ ముందు పెట్టాడు.

"నువ్వు పొయ్యమ్మా," అన్నాడు. "నా చెయ్యి వద్దులే దానికి."