జానాబెత్తెడు సందు

ఆ పల్లం సంగతి అన్నం ముందు చెప్పకూడదు. తిన్న వెంటనే కూడా చెప్పకూడదు. మధ్యలో ఎప్పుడైనా అడిగితే చెప్తాను, కానీ ముందు నన్ను కాళ్లు పైకి ముడుచుకుని కూర్చోనివ్వాలి.

ఊరికీ పెద్దాసుపత్రికీ మధ్య రోడ్డు ఒకచోట కిందికి దిగి మళ్లీ పైకెక్కుతుంది. ఆ దిగిన చోట ఏడాది పొడుగునా చీలమండ లోతు నీళ్లు. నీళ్లు అనడం కూడా మర్యాదకే. పక్కనే మూతపడ్డ జిగురు ఫ్యాక్టరీ ఉంది. ఎముకలూ తోళ్లూ ఉడకబెట్టి జిగురు తీసేవాళ్లట. అది మూసి ఇరవై ఏళ్లయింది, ఆ నీళ్ల మీద తెట్టు మాత్రం పోలేదు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఎవరో కూలీ మరిగే తొట్టిలో పడ్డాడనీ, మంట ఆర్పితే సరుకు చెడిపోతుందని ఆ పూట ఆర్పలేదనీ చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో తెలీదు.

జనం దాన్ని నాకుడు పల్లం అంటారు. చీకటి పడ్డాక ఏ బండి దిగినా కింద నుంచి ఏదో నాకుతుంది. వెచ్చటి రేకు దానికి ఇష్టం అంటారు. తెల్లారి చూస్తే బంపర్ అంచునా, ఫుట్‌బోర్డు అంచునా వేలెడు మందాన జిగట ఉంటుంది.

ఆ జిగట గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాటర్ సర్వీసింగ్ షెడ్డు నాది. బండిని ర్యాంపు ఎక్కించి, దాని కింద వట్టికాళ్లతో నిలబడి, తలెత్తి నీళ్లు కొట్టే పని. పేడ కడిగాను, చక్రంలో చుట్టుకున్న చచ్చిన పిల్లిని పీకాను, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఇది మాత్రం వేరు. రాత్రంతా నోరు తెరుచుకుని పడుకున్నవాడి ఉమ్ము వాసన దానిది. సబ్బుకి లొంగదు. అది కడిగిన రోజు నా చేత్తో నాకు ముద్ద దిగదు.

ఇక మా బావ. మా అక్క మొగుడు. రంగుల కొట్టు నడుపుతాడు. ఆయనకో ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. కొండలెక్కే బండి అని కొన్నాడు, కొట్టు ముందున్న స్పీడు బ్రేకరే అది ఎక్కిన కొండ. స్టీరింగు ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అక్కకి డ్రైవింగు ఆయన కంటే బాగా వచ్చు, ఆ మాట ఆయన ముందు అనకూడదు.

అక్క పెద్దాసుపత్రిలో నర్సు. జ్వరాల వార్డులో రాత్రి డ్యూటీ. ఆ ఉద్యోగం కోసం ఆరేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఎనిమిదికల్లా వార్డులో ఉండాలి. బావ కొట్టు కట్టేసి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. పల్లం మీదుగా వెళ్తే పావుగంట దారి, చుట్టుదారి అయితే గంట పైనే.

రెండుసార్లు బావ పల్లం దాకా వెళ్లి, నీళ్లు చూసి, ఏవో సాకులు చెప్పి బండి వెనక్కి తిప్పాడు. రెండుసార్లూ అక్క గంట ఆలస్యంగా వెళ్లింది. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని పెద్ద నర్సు మొహం మీదే చెప్పేసింది.

తెల్లారి అక్క డ్యూటీ దిగి వచ్చాక ఇంట్లో ఏం మాటలు జరిగాయో నాకు తెలీదు. ఆ పొద్దున్నే బావ నా షెడ్డు ఎదురుగా ఉన్న మెకానిక్ దగ్గరికి వచ్చాడు. జీపు ఎత్తు పెంచమన్నాడు. దాని నాలుక అందనంత ఎత్తు కావాలట.

మెకానిక్ ముసలాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. లేపడం పెద్ద పని కాదన్నాడు. కానీ లేపిన కొద్దీ యాక్సిళ్ల వంపు పెరుగుతుందనీ, వాటి కీళ్లకి తొడిగే రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు కారుతుందనీ, మలుపుల్లో బండి ఊగుతుందనీ చెప్పాడు. బావ వింటేగా. పొడుగు స్ప్రింగులు వేయించాడు, వాటి మీద దిమ్మలు పెట్టించాడు, షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. మెకానిక్ టేపు వాడడు, నేలకీ బండి అడుక్కీ మధ్య చెయ్యి పెట్టి కొలుస్తాడు. జానెడు ఉన్న సందు జానాబెత్తెడు అయింది.

అక్క ఎక్కడానికి నా షెడ్డులో స్టూలు పట్టుకుపోయాడు మహానుభావుడు. ఇంతవరకూ తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం జరిగింది అక్క చెప్పిందే చెప్తున్నాను.

పల్లంలోకి దిగగానే మామూలుగా అంచుల్లో వినబడే చప్పుడు వినబడలేదట. బావ నవ్వాడట. అంతలో... సరిగ్గా కాళ్ల కింద, రేకు మధ్యలో మొదలైంది. ముందు నుంచి వెనక్కి. తీరిగ్గా, ఒక్క చోటు వదలకుండా. ఇంతకాలం దానికి దూరే సందు లేక అంచులతో సరిపెట్టుకుంది. ఇప్పుడు మేమే సందు చేసిచ్చాం.

ఒడ్డెక్కాక చప్పుడు ఆగింది. కానీ బండి వెనక భాగం దిగబడి నడుస్తోందట. ఆసుపత్రి దగ్గర అక్క దిగి రెండడుగులు వేసిందో లేదో, వెనక భాగం రెండు వేళ్లు పైకి లేచింది. ఈమధ్య నువ్వు లావయ్యావే అని బావ పరాచికమాడి, ఆ వెంటనే పక్క సీటు ముందు భళ్లున కక్కుకున్నాడు.

మర్నాడు ఆ కక్కు కడిగింది ఎవరు? నేనే. మ్యాటు పారేశాను. జీపు అడుగు రేకుకి రూపాయి బిళ్లంత కన్నాలుంటాయి, వాటికి రబ్బరు మూతలు. మూతలు పీకి నీళ్లు కిందికి వదిలాను. తర్వాత ర్యాంపు కింద నిలబడి తలెత్తి చూస్తే... అడుగంతా జిగటే. అందులో నాలుగు చోట్ల మాత్రం రేకు అద్దంలా తుడిచి ఉంది. ఎవరో గట్టిగా పట్టుకుని వేలాడినట్టు. నాకు ఒళ్లంతా కంపరం పుట్టి, పనంతా అక్కడే వదిలేసి మెకానిక్‌ని పిలిచాను.

ఆయన చూసి, యాక్సిల్ బూటు అప్పుడే చిరిగిందన్నాడు. గ్రీజు ఎగిరి అడుగంతా పడిందట. చెప్పాను కదా అని కొత్త బూటు వేశాడు. గ్రీజు నల్లగా ఉండాలి కదా అని నేను అడగలేదు. అడిగితే ఆయన ఇంకేం చెప్తాడోనని భయం.

ఆ తర్వాత పదకొండు రోజులు జీపు శుభ్రంగా ఉంది. రోజూ పల్లంలోంచే వెళ్లారు, ఒక్క చుక్క జిగట లేదు, చప్పుడూ లేదు. బావ ఊరంతా చాటుకున్నాడు. అక్క ఒక్క రోజూ ఆలస్యం కాలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం అక్క షెడ్డుకొచ్చింది. డ్యూటీ దిగి నిద్రపోవాల్సిన వేళ. జీపు తనే నడుపుకుంటూ వచ్చింది. ర్యాంపు ఎక్కించమని కిందికొచ్చి చూసింది. అంతా శుభ్రం.

"శుభ్రంగానే ఉంటుందిరా," అంది మెల్లగా. "అది మా వార్డులో దిగింది."

మంచాల కింద రోజూ జారుడుగా ఉంటోందని ఆయా పది రోజులుగా తిడుతోందట. ఎవరో కక్కి చెప్పట్లేదని అందరూ అనుకున్నారు. మొన్న సూది కిందపడితే వంగిన అక్క, మంచం అడుగు రేకు మీద ఆ జిగట చూసింది. ఆసుపత్రి మంచాలు తెలుసుగా, వాటి కింద సందు జీపు కంటే ఎక్కువ. పైన పడుకున్నది జ్వరంతో కాలిపోయే మనుషులు.

విడ్డూరం ఏంటంటే, ఆ పది రోజులూ వార్డులో జ్వరాలు ఇట్టే దిగిపోయాయట. పెద్ద నర్సు అందరి ముందూ అక్కని మెచ్చుకుంది. కానీ ఏడో మంచం మీది ముసలామెకి నూట మూడున్న జ్వరం తొంభై ఎనిమిదికి వచ్చి ఆగలేదు. తొంభై ఆరు. ఈ పొద్దున తొంభై నాలుగు. ఎన్ని దుప్పట్లు కప్పినా అంతే. అది ఆమె మంచం వదలట్లేదు.

"ఈ రాత్రి దాటదు ఆవిడ," అంది అక్క. "జ్వరం కంటే ఇంజను వేడి ఎక్కువ కదా, దాన్ని జీపు కిందికి రప్పించి పల్లంలో దింపేద్దాం. నువ్వు తోడు రా."

ఆ పొద్దున సంగతి వినగానే బావ తాళాలు తనే అక్క చేతిలో పెట్టాడట. పెళ్లయ్యాక మొదటిసారి.

చీకటి పడుతుండగా, చెప్పులు వేసుకునే ధ్యాస కూడా లేకుండా ఎక్కి కూర్చున్నాను. ఏడు గంటలకి వార్డు వెనక వాకిలి దగ్గర, స్ట్రెచర్లు దింపే చోట, అక్క జీపుని రివర్సులో గోడకి ఆనించింది. ఏడో మంచం ఆ గోడకి అవతలే. ఇంజను ఆపకుండా రేజ్ చేస్తూ కూర్చుంది. ఒడిలో వేడినీళ్లు పోసిన రబ్బరు సంచి ఉంది, గుడ్డ చుట్టి. ఎందుకని అడిగితే, ఉండనీ అంది.

పది నిమిషాలు... పావుగంట...

జీపు వెనక భాగం నెమ్మదిగా రెండు వేళ్లు దిగింది. ఎవరూ ఎక్కలేదు.

అక్క గేరు వేసింది. కింద చప్పుడు మొదలైంది, ఆత్రంగా, గతుకుతూ. ఆకలిగొన్న కుక్క గిన్నె నాకినట్టు. నోట్లో ఉమ్ము మింగడానికి కూడా నాకు అసహ్యమేసింది.

ఏడున్నర కాకముందే పల్లం మధ్యలో ఆపి, ఇంజను కట్టేసింది. చల్లబడితే దిగిపోతుందని లెక్క. చుట్టూ చీకటి, ఆ తెట్టు నీళ్లు. చల్లారుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటోంది. కాసేపటికి అదీ ఆగింది. నాకుతున్న చప్పుడూ ఆగింది.

వెనక భాగం లేవలేదు.

అప్పుడు తట్టింది నాకు. ఇంజను చల్లబడిపోయాక ఆ బండిలో వెచ్చగా మిగిలింది మేమిద్దరమే. ఇంకోటి కూడా తట్టింది. ఆ రోజు మెకానిక్‌ని పిలిచే కంగారులో, పీకిన రబ్బరు మూతల్లో ఒకటి నేను తిరిగి పెట్టలేదు. పక్క సీటు ముందుది. ఇప్పుడు నా వట్టికాలు ఆ కన్నం మీదే ఉంది.

తియ్యబోయాను... అంతలోనే మడమ నుంచి వేళ్ల దాకా, మెత్తగా, తడిగా, తీరిగ్గా...

అక్క నా మొహం చూసింది. అద్దం దించి, వేడినీళ్ల సంచిని ఫ్యాక్టరీ గోడ వైపు బలంకొద్దీ విసిరేసింది. అది నీళ్లలో పడ్డ చప్పుడుతో పాటే జీపు వెనక భాగం ఒక్క ఊపున పైకి లేచింది. అక్క స్టార్ట్ చేసి, వెనక్కి చూడకుండా ఒడ్డెక్కించింది.

ఎనిమిదికి మూడు నిమిషాలుండగా వార్డులో సంతకం పెట్టింది. తెల్లారేసరికి ముసలామె తొంభై ఏడుకి వచ్చింది, వారానికి ఇంటికెళ్లింది. జీపుని మళ్లీ జానెడుకి దింపించాం. అక్క ఇప్పుడు తనే నడుపుకుంటూ పల్లం దాటి వెళ్తుంది. అంచుల్లో మామూలుగా నాకుతుందట, అంతకు మించి ఏమీ లేదట. బావ దీని గురించి మాట్లాడడు.

నా కుడి అరికాలే ఆ రోజు నుంచి వెచ్చబడదు. మరిగే నీళ్లు పోసుకున్నా తెలీదు. డ్యూటీ దిగాక అక్క షెడ్డు దగ్గర ఆగి, పాదానికి థర్మామీటరు ఆనించి చూస్తుంది. అంకె ఎంతో చెప్పదు, నేనూ అడగను.

నిన్న పాదం వదిలేసి, మోకాలికి పెట్టి చూసింది.