పోశయ్య మగ్గం గుంట

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరు ఏ అనుమానం అడిగినా ఉత్త చేతులతో పంపను. ఇంటర్ తప్పినా, పాత పుస్తకాల దుకాణం ముందు నిలబడి విశ్వమంతా చదివేశాను - నక్షత్రాలు, కృష్ణబిలాలు, అన్నీ. కొత్తవాడ చాయ్ హోటల్లో నాకు తెలియనిది ఒక్కటే: నేను లేచి వెళ్ళాక వాళ్ళు ఏమనుకుంటారో.

ఆ వాడలో పోశయ్య పాడింటికి చెడ్డపేరు. నేతపని చేసే పోశయ్య పోయి చాలా ఏండ్లయింది. అయినా పొద్దుగూకితే ఆయన మగ్గం గుంటలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినబడేదట...

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానలకు, జంపఖానాలు నేసే రాయమల్లు ఇంటి గోడ కూలింది. మగ్గం తడుస్తోంది, ఇంట్లో పొయ్యి రాజుకోవడం లేదు. ఆ పాడిల్లు తప్ప దిక్కు లేదు. పెండ్లాం మాత్రం ససేమిరా అంటోంది. హోటల్లో నా దగ్గరికొచ్చాడు.

"సారూ, ఆ ఇంట్ల దయ్యం ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పుండ్రి. మగ్గం ఏసుకుంట."

"విశ్వంల కోట్ల నక్షత్రాలున్నయి రాయమల్లూ. అవన్నీ ఇడిసిపెట్టి దయ్యం కొత్తవాడకొస్తదా?"

"గట్లయితే జర వచ్చి చూపియ్యుండ్రి."

ఇది నేను అనుకోలేదు.

చీకటి పడ్డాక పోయాం. తలుపు తోస్తే... తడిమట్టి వాసన. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంట అది - మోకాళ్ళ లోతు దాటకూడదు. టార్చి వేశాను. వెలుగు దిగింది... దిగుతూనే ఉంది... అడుగు తగల్లేదు.

టార్చి ఆర్పాను.

గుంట నిండా చుక్కలు.

ఒక అడుగు వెనక్కి వేశాను. కానీ పరువు ఒకటి ఉంటుంది కదా! "హుఁ! వాన నీళ్ళు నిలిచినయి. కప్పు సందుల్లోంచి ఆకాశం నీళ్ళల్ల కనబడుతున్నది. ఇదే మీ దయ్యం!"

రాయమల్లు కప్పు వైపు చూశాడు. తర్వాత గుసగుసగా -

"శనివారం సంది మొగులు పట్టే ఉన్నది గద సారూ... మీద ఆకాశంల ఒక్క చుక్క లేదు."

నా చేతిలోంచి టార్చి జారి గుంటలో పడింది. చప్పుడు కోసం చెవులు రిక్కించాం. నేనైతే ఇప్పటికీ వింటున్నాను.

"గిదేంది సారూ?"

కాంతి వక్రీభవనం అన్నాను. పీడనం అని కూడా అన్నాను.

"దయ్యమైతే కాదు గద?"

"కా... కాదు."

"గంతే చాలు."

తెల్లారి మగ్గం వేశాడు. ఏండ్ల తరబడి ఆ గుంటలోకే కాళ్ళు వేలాడేసి నేశాడు. పిల్లలు తిన్నారు. ఒకనాడు గడప ఇవతలే నిలబడి అడిగాను:

"కింద ఏమున్నది రాయమల్లూ?"

"తెల్వది సారూ. కాళ్ళకైతే చల్లగుంటది."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆ 'తెల్వది' అనే మాట పలకడం నాకింకా రాలేదు.