మందు చుక్క వేయని ఐదు వారాలు

"మీ కణాలు ఉలకవు, పలకవు," అంటూ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు ఆ అబ్బాయి.

"మీ మెషీనుకే చెవుడేమో!" అంది నా మనవరాలు.

"పక్క ల్యాబ్ వాళ్ల కణాలు ఇందాకే చక్కగా మాట్లాడాయండీ."

"అయితే వాటితోనే కబుర్లు చెప్పుకోండి."

వాళ్లిద్దరి మధ్యా మొదటి మాటలు అవే. రెండేళ్లుగా ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో పనిచేస్తూ, అప్పటిదాకా తలూపుకోవడం తప్ప నోరు విప్పింది లేదు. కణాలు ఎంత వెలుగుతున్నాయో కొలిచే మెషీను అతని చేతిలో ఉంటుంది. అందుకని అతన్ని అందరూ మీటరు అంటారు. మధ్యాహ్నం గోడకేసి తిరిగి డబ్బా విప్పుకుని ఒక్కడే తింటాడట. మా పిల్లేమైనా తక్కువా? ఇది తన గదికి వరండా వైపున్న అద్దాల గోడకేసి తిరిగి ఒక్కతే తింటుంది.

అసలు సంగతి చెప్పాలి. మా అబ్బాయికి, అంటే దాని నాన్నకి, చేతులు వణికే జబ్బు. మెదడులో డోపమైన్ అనే పదార్థం తగ్గితే వస్తుందట. అది ఉన్నా సరిపోదు, వచ్చి తట్టడానికి కణానికి తలుపుండాలి. ఆ తలుపు పేరు రిసెప్టర్. నా మనవరాలు మామూలు కణాలకి ఆ తలుపు బిగించింది. డోపమైన్ తగిలితే చాలు, మిణుక్కుమంటాయి. కొత్త మందు పనిచేస్తుందో లేదో ఆ మిణుకు చూసి తేల్చుకోవచ్చు. అలా పలికే కణాలు తయారు కావడానికి దానికి ఏడాదిన్నర పట్టింది.

ల్యాబ్ ఉన్న ఆ ఊళ్లో దానికి అయినవాళ్లెవరూ లేరు. గది కిటికీ తీస్తే ఎదురింటి గోడే. ఆదివారం కూడా కణాలకి మేత పెట్టే వంకతో ల్యాబ్‌కి పోయేది. "ఇవాళ ఎవరితో మాట్లాడావే?" అని ఫోన్లో అడిగితే, "కణాలతో, నానమ్మా" అనేది. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఎవరం ఏం చేసేవాళ్లమో ఒకరికొకరం చెప్పుకోలేదు.

అంతలో మా అబ్బాయి బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇది ఉన్నపళంగా వచ్చేసింది. దారిలోంచే వాళ్ల ల్యాబ్ మేడమ్‌కి ఫోన్ చేసి, కణాలని చూడమని, మేతలో వేసే మందు చుక్క మరిచిపోవద్దని చెప్పింది. "ఎవరో ఒకరు చూస్తారులే, నువ్వు వెళ్లు" అందట ఆవిడ. ఐదు వారాలు మా దగ్గరే ఉండి తిరిగి వెళ్తే, కణాలు నిండుగా, కళగా ఉన్నాయి. ల్యాబ్‌లో అందరికీ కలిపి థాంక్స్ చెప్పింది. ఎవరూ కాదనలేదు. ఆ సోమవారమే పరీక్షకి పంపితే, ఇదిగో, ఈ జవాబు.

బుధవారం మళ్లీ పరీక్ష పెట్టారు. మళ్లీ మౌనమే. ఈసారి మీటరు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఇది మేత కలుపుతూ ఫ్రిజ్ తలుపులోంచి చిటికెన వేలంత సీసా తీసి ఒక చుక్క వేసింది.

"అదేంటండీ?"

"మందు. తలుపున్న కణాలే దీన్ని తట్టుకుంటాయి. లేనివి చచ్చిపోతాయి. వేయకపోతే తలుపు లేని సోమరులు గబగబా పెరిగి, నా వాటిని తొక్కేస్తాయి."

"ప్రతిసారీ వేయాలా?"

"ప్రతిసారీ. ఎందుకలా తెల్లబోయారు?"

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. పొగరనుకుంది ఇది.

ఆ మందు పడ్డాక, శుక్రవారానికి ఫ్లాస్కుల్లో సగం కణాలు చచ్చి తేలాయి. మేడమ్ చూసి తల అడ్డంగా ఊపింది. "పుట్టుకలోనే లోపం ఉందమ్మా. ఇక ఈ పని ఆపేద్దాం. నీ సంగతి సోమవారం మాట్లాడదాం." ఆ మాటకి అర్థం ఇంటికి పొమ్మనే. నాకు ఫోన్ చేసి, "నాన్నకి చెప్పకు" అని మాత్రం అంది. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది.

ఆ వానలోనే, ల్యాబ్ మెట్ల దగ్గర, మీటరు తడుస్తూ వచ్చాడు.

"మీ కణాల్లో లోపం లేదండీ. లోపం నాదే. ఆ ఐదు వారాలూ మేత పెట్టింది నేనే. మందు వేయలేదు."

"మీరా! మీకెవరు చెప్పారు పెట్టమని?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరూ రాలేదు కూడా. చచ్చిపోతాయేమోనని..."

"చేయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"అద్దంలోంచి. రెండేళ్లుగా చూస్తున్నా కదా. అన్నీ చూశాను. ఆ చుక్క వేసేటప్పుడు మాత్రం..." అతను ముఖం మీది వాన తుడుచుకున్నాడు. "మీరు పెదవి కొరుక్కుంటారు. నేను అటు చూస్తూ ఉండిపోయాను."

ఇది మండిపడింది. "ఏడాదిన్నర పనండీ! బుధవారమే తెలిస్తే ఇప్పటిదాకా నోరు విప్పలేదేం?"

"చెబితే మీరు మాట్లాడటం మానేస్తారని."

"అసలు మాట్లాడానా ఏంటి మీతో?"

"సోమవారం తిట్టారు కదండీ. అదీ పోతుందని."

ఇది గొడుగు కూడా తెరవకుండా వెళ్లిపోయింది. కానీ సందు మలుపులో ఆగింది. లోపం కణాల్లో లేదంటే? నాలుగు నెలల కిందట, అవి నిక్షేపంగా ఉన్నప్పుడు, గడ్డకట్టించి దాచిన ట్యూబులు పది ఉన్నాయి! పరుగున వెనక్కి వచ్చేసరికి అతను మేడమ్ గదిలో ఉన్నాడు. తప్పంతా తన నెత్తినే వేసుకుని చెబుతున్నాడు. మేడమ్‌కీ అప్పుడు గుర్తొచ్చింది, ఆ మందు సంగతి తను ఎవరికీ చెప్పలేదని.

"మూడు వారాలు," అందావిడ. "పాతవి లేపి చూడు. నువ్వు మాత్రం, బాబూ, కణాల గది గడప తొక్కకు."

ఆ మూడు వారాలూ అతను అద్దం అవతలే నిలబడ్డాడు. ఇది పలకరించలేదు. ఒకరోజు మాత్రం తన డబ్బా తెచ్చి, అద్దానికి ఇవతల, అతనికి ఎదురుగా కూర్చుని తిన్నదట. "క్షమించావా?" అని అడిగితే, "ఆకలేసింది నానమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది.

పరీక్ష రోజు అతను మెషీను ముందు నుంచి లేవలేదట.

"చెప్పండి, ఎంత వచ్చింది?"

"తొమ్మిదింతల వెలుగు."

"మళ్లీ చూడండి."

"నాలుగుసార్లు చూశాను. పలుకుతున్నాయి."

ఇది పక్కనున్న కుర్చీలో కూలబడి ఏడ్చింది. అతనికి ఓదార్చడం చేతకాలేదు. కాగితం ముక్క చేతికిచ్చాడు, కన్నీళ్లు తుడుచుకోమని. అది ఫలితాల కాగితమే. తర్వాత ఇంకోటి అచ్చు వేయాల్సి వచ్చిందనుకోండి.

"మీరు ఆదివారాలు ఏం చేస్తారు?" అంది ఇది, ముక్కు చీదుతూ.

"ఉతికిన బట్టలే మళ్లీ ఉతుకుతుంటాను."

"వచ్చే ఆదివారం నాన్నని చూడ్డానికి వెళ్తున్నా. బట్టలకి సెలవివ్వండి."

అలా వచ్చాడు మా ఇంటికి. మా అబ్బాయి మంచం మీద ఒరిగి కూర్చుని, "నువ్వేం చేస్తుంటావు నాయనా?" అన్నాడు.

"మీ అమ్మాయి కణాలు పాడుచేశానండీ."

మా అబ్బాయి పగలబడి నవ్వాడు. తుంటి విరిగాక అంత నవ్వు చూడటం నాకదే మొదలు. "ఇక్కడికొచ్చే ప్రతి డాక్టరూ అంతా బాగుందనే చెబుతాడయ్యా. కనీసం నువ్వైనా నిజం చెప్పావు. ఇటు కూర్చో," అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే వణుకుతోంది. వచ్చినవాళ్లు దాన్ని చూడనట్టు నటిస్తారు. ఇతను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వణుకు ఆగలేదు. అతనూ వదల్లేదు.

నా మనవరాలు కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి, వాన చూస్తున్నానంది. ఆవేళ చుక్క వాన లేదు.