చెప్పిన ధరకి కొన్నవాడు

భార్య పోయిన రోజున ఏజెంట్ ఊళ్లో లేడు. పరాయి దేశంలో, పరాయి పేరుతో, ఒక హోటల్ గదిలో కూర్చుని ఎదుటి మేడ కిటికీని కనిపెడుతున్నాడు. జేబులో ఉన్న పాస్‌పోర్టు ప్రకారం ఆ మనిషి బ్రహ్మచారి. బ్రహ్మచారికి, నీ భార్య పోయిందని ఎవరు కబురు చేస్తారు? మిషన్ ముగించుకుని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. బావమరిది ఇంటి తాళంచెవి చేతిలో పెట్టి, "ఎక్కడికి కబురు పెట్టాలో తెలియలేదు బావా" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనివుంటే బాగుండేది.

సెలవు కావాలా అని చీఫ్ అడిగాడు. వద్దన్నాడు. సెలవు పెట్టి ఎక్కడికి వెళ్తాడు? ఇంటికేగా.

కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం చీఫ్ పిలిచి, బల్ల మీదికి ఒక ఫోటో జరిపాడు. రెండు ఇంజన్ల చిన్న విమానం.

"సెకండ్ హ్యాండ్. అమ్మకానికుంది. నువ్వు కొనాలి."

"నేనా?"

"నువ్వే. దాని వెనక సీటు కింద, మన లాబ్‌లో మాయమైన సైఫర్ మెషిన్, అదే రహస్యలిపి యంత్రం, ఉంది. అది సరిహద్దు దాటిందంటే మన సైన్యం పంపే ప్రతి సందేశం వాళ్ల చెవిలో ఊదినట్టే."

"రెయిడ్ చేస్తే?"

"గేటు దగ్గర జీపు కనబడితే చాలు, విమానం గాల్లో ఉంటుంది. సరిహద్దు పక్కనే. ఆ ముఠా పద్ధతి ఏమిటంటే, అమ్మకానికి విమానం అని పేపర్లో ప్రకటన వేస్తారు. దొంగసరుకు మోసుకెళ్లే అవతలి దేశపు కొరియర్ బేరగాడిలా వచ్చి కొంటాడు. కాగితాలన్నీ పక్కా. దర్జాగా ఎగిరిపోతాడు. ఈసారి కొరియర్ కొత్తవాడు, మొహం ఎవరూ చూడలేదు. అతను సాయంత్రం వస్తాడు. నువ్వు అతనికంటే ముందు, అతనై వెళ్తావు. కోడ్ మాటలు మేడమ్ పంపింది."

మేడమ్ ఆ ముఠాకి బ్రోకరు. రెండేళ్లుగా రహస్యంగా చీఫ్‌కీ పనిచేస్తోంది.

"కిందటేడాది కెమిస్ట్ అని పిలిచే మనవాడు కూడా ఇలాగే కొరియర్ వేషంలో వెళ్లాడు" అన్నాడు ఏజెంట్.

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కోడ్ తప్పలేదు. వేషం తప్పలేదు. డబ్బు చేతిలో పెట్టాడు. మనిషి తిరిగి రాలేదు. ఎక్కడ బెడిసిందో మేడమ్‌కీ తెలియదు." ఆ వెంటనే సూట్‌కేస్ ముందుకి తోశాడు. "ఎనభై లక్షలు శాంక్షన్ అయ్యాయి. అమ్మేవాడు అడిగేది డెబ్బై అయిదు. నోరెత్తకుండా ఇచ్చెయ్. నీ జేబుదా, నా జేబుదా?"

బంగారు ఫ్రేము కళ్లద్దాలు, నెరిసిన విగ్గు, కోటు రెండో బొత్తాంలో, దూరాన కాచుకునే జీపులకి సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్. అద్దంలో కనిపించిన ముసలాయన్ని ఏజెంట్ కాసేపు చూశాడు. భార్య ఉంటే నవ్వేది.

హ్యాంగర్ రేకుల కప్పు ఎండకి చిటపటలాడుతోంది. విమానం పక్కన మడతకుర్చీలో అమ్మేవాడు కూర్చున్నాడు. ముఠాలో అతన్ని గుండు అంటారు. ఎందుకో చూడగానే తెలుస్తుంది. అతని వెనక ఇద్దరు కాపలావాళ్లు, చేతులు కోట్లలో. కొంచెం ఎడంగా మేడమ్. నీలం కోటు, ఎర్రటి పెదవులు, నల్లకళ్లద్దాలు. ఆమె సెంటు ముందు హ్యాంగర్‌లో పెట్రోలు వాసన సిగ్గుపడి పక్కకి తప్పుకున్నట్టుంది.

"ఈ పిట్ట ఎంత ఎత్తు ఎగురుతుంది?" అన్నాడు ఏజెంట్.

"కొన్నవాడి గుండె ఎంత గట్టిదైతే అంత" అన్నాడు గుండు. "డెబ్బై అయిదు లక్షలు."

సరే అనబోయాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గుండు సూట్‌కేస్ వైపు చూడటం లేదు. అతని నోటి వైపు చూస్తున్నాడు. కాపలావాళ్లూ అంతే.

భార్య మాట గుర్తొచ్చింది. "చెప్పిన ధరకి సరే అన్నవాణ్ణి దుకాణంవాడు నమ్మడండీ. ఇచ్చింది దొంగనోటేమోనని వెలుగులో పెట్టి చూస్తాడు."

కెమిస్ట్ సరే అన్నాడు.

కొరియర్‌కి అవతలివాళ్లు ఇచ్చేది ఒక మొత్తం. బేరమాడి మిగిల్చుకున్నది వాడి జేబులోకి. బేరమాడనివాడికి అది సొంత సొమ్ము కాదు, సర్కారు సొమ్ము. కోడ్ మాటలు ఉత్త ముచ్చట. అసలు పరీక్ష ఇదీ.

"డెబ్బై అయిదా?" అన్నాడు ఏజెంట్. "విమానానికా, హ్యాంగర్‌తో కలిపా?"

కాపలావాళ్లలో ఒకడు ఫక్కుమన్నాడు. గుండు తిరిగి చూసేసరికి నవ్వు మింగేశాడు.

ఏజెంట్ విమానం చుట్టూ తిరిగాడు. తొందర లేదు. ప్రొపెల్లర్ అంచు మీద వేలు నడిపించి, గాటు దగ్గర ఆపాడు. పొట్ట కిందికి వంగాడు. "రంగు నిన్న వేశారా? కింద పొక్కులు పొక్కులుగా తుప్పు. మశూచి మచ్చలకి పౌడరు రాసినట్టుంది. కుడి ఇంజన్ విప్పి బాగుచేసి ఎన్ని గంటలయింది?"

"పదహారు వందలు."

"అంటే వచ్చే ఏడాదే మళ్లీ విప్పాలి. ఆ ఖర్చు ఎవరి నెత్తిన? యాభై."

"యాభైకి రెక్కలొస్తాయి, పట్టుకెళ్లండి."

"రెక్కలే నయంగా ఉన్నాయి. మిగతాది మీరే ఉంచుకోండి."

"డెబ్బై. ఆఖరి మాట."

"యాభై అయిదు. నాది మొదటి మాటే అనుకోండి."

గుండు తల అడ్డంగా ఊపాడు. ఏజెంట్ సూట్‌కేస్ తీసుకుని గేటు వైపు నడిచాడు.

ఇది ఆమె పద్ధతి. చొక్కా చెయ్యి పట్టుకుని "పదండి" అని లాక్కెళ్లేది. "వెనక్కి చూడకండి, చూస్తే ధర పెరుగుతుంది" అనేది. అతను ప్రతిసారీ చూసేవాడు. దుకాణంవాడి మొహం చూసి జాలిపడి బేరం చెడగొట్టేవాడు. ఇప్పుడు చొక్కా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పిలవకపోతే మెషిన్ పోతుంది. అనుమానిస్తే వీపులో తూటా దిగుతుంది. నూనె పీపాలు దాటాడు. నీడ దాటి ఎండలోకి వచ్చాడు. వెనక్కి చూడలేదు.

"ఓ పెద్దమనిషీ! అరవై రెండు!"

"అరవై."

"అరవై ఒకటి చెయ్యండి సార్, నాకూ పెళ్లాంబిడ్డలున్నారు."

అరవైకే దిగేవాడు, గొంతులో తెలుస్తోంది. కానీ అమ్మేవాడి మొహం మాడ్చి తెచ్చిన వస్తువు ఇంటికి అచ్చిరాదని ఆమె అనేది. ఆ ఇంజన్‌కీ, ఆ తుప్పుకీ అరవై ఒకటి న్యాయమైన ధరే.

"సరే" అన్నాడు.

కాపలావాళ్ల చేతులు ఖాళీగా కోట్లలోంచి బయటికొచ్చాయి. గుండు మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "కిందటేడాది ఒకడొచ్చాడు సార్. అడిగినంతా ఇస్తానన్నాడు. కష్టపడి సంపాదించినవాడు ఎవడైనా అలా అంటాడా?"

ఏజెంట్ కూడా నవ్వాడు. నవ్వక తప్పలేదు.

సంతకాలయ్యాయి. ఏజెంట్ పైలట్ సీటు ఎక్కాడు. డెలివరీ దాకా వెంట వెళ్లడం బ్రోకరు రివాజు, మేడమ్ పక్క సీటులో కూర్చుంది. ఎడమ ఇంజన్ అందుకుంది. కుడిది దగ్గి ఆగిపోయింది. అప్పుడే ఒక బూడిదరంగు కారు గేటులోంచి దూసుకొచ్చింది. అందులోంచి ఒక మనిషి దూకాడు. సాయంత్రం రావలసిన అసలు కొరియర్.

"ఆపండి! ఆ విమానం నాది! ఈ పిట్ట ఎంత ఎత్తు ఎగురుతుంది?"

గుండు చెయ్యెత్తాడు. ఒక తుపాకి విమానం వైపు, ఒకటి కారు వైపు తిరిగాయి. ఏజెంట్ మళ్లీ స్టార్టర్ నొక్కాడు. కుడి ఇంజన్ మూలిగింది.

"ఎంత? డెబ్బై అయిదా?" కొరియర్ గొంతు చించుకున్నాడు. "మొత్తం ఇస్తా! ఎనభై ఇస్తా! ముందు దాన్ని ఆపండి!"

గుండు మొహం గట్టిపడింది. "వీడే సర్కారువాడు. పట్టుకోండి."

రెండు తుపాకులూ కారు వైపు తిరిగాయి. కుడి ఇంజన్ అందుకుంది. చక్రాలు నేల వదిలాక ఏజెంట్ కోటు బొత్తాం నొక్కాడు. తోపు వెనక కాచుకున్న జీపులు గేటులోకి దూరడం పైనుంచి కనిపించింది.

మేడమ్ నల్లకళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని వలయాలు. "బేరం ఎవరు నేర్పారు?"

"మా ఆవిడ."

"అదృష్టవంతులు. నాకు రెండు జీతాలున్నాయి, ఇల్లే లేదు." అద్దాలు మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "పద్నాలుగు లక్షలు తగ్గించానని చెప్పండి. సంతోషిస్తుంది."

అతను ఆల్టీమీటర్ చూస్తున్నాడు. "చెప్తాను" అన్నాడు.

మెషిన్ లాబ్‌కి చేరింది. చీఫ్ వీపు తట్టాడు. అకౌంట్స్ సెక్షన్ మాత్రం, మంజూరైన ఎనభైలో పంతొమ్మిది ఎందుకు మిగిలిందో సంజాయిషీ అడిగింది. ఖర్చయితే అడిగేవాళ్లు కారు. ఏజెంట్ సంజాయిషీ రాసిచ్చాడు.

పద్నాలుగు తగ్గించిన సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.