ఏడో దెబ్బ

ఎనిమిదో తరగతి పిల్లలు బల్లల మీద అరచేతులతో దెబ్బలు వేస్తున్నారు. చరణానికో దెబ్బ. మంజుల టీచర్ గుమ్మంలోనే ఆగి లెక్కపెట్టింది. ఇరవై చరణాలు, ఇరవై దెబ్బలు.

"ఏడో చరణం కాడ ఆగాలె కదరా," అంది.

"ఆగద్దు టీచర్," అంది ముందు బల్ల చందన. "పాటల యాడ ఆగలే. వారం నుంచి వింటున్నం."

మంజుల పక్కనున్న తిరుపతవ్వకు వినపడలేదు. తొంభై ఒక్కేళ్ల మనిషి. చేతిలో అరిగిన సుత్తె, ఒళ్లో కంకరరాయి పెట్టుకొని మెల్లగా కుర్చీలో కూర్చుంది.

బడిలో చరిత్ర పుస్తకాలు లేక పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు చరిత్ర అంటే గోడకున్న గతశ్రావిణి యంత్రం. పాత పాట, పాత సినిమా, పాత బొమ్మ ఏదిచ్చినా నమిలి, ఆ రోజు ఏం జరిగిందో తేల్చి, పాఠం చేసి నేరుగా పిల్లల చెవికమ్మల్లోకి పంపుతుంది. టీచర్ ముందే వింటే తన అభిప్రాయం నూరిపోస్తుందట, అందుకని టీచర్‌కు చివర్న వినిపిస్తుంది. పాఠంలో లేనిది జరగనట్టే.

ఈ యంత్రం కోసం లాఠీ దెబ్బలు తిన్నవాళ్లలో మంజుల ఒకతి. రాతగాళ్ల చరిత్రలో కూలోళ్లు లేరు, కూలోళ్లు పాటల్లో ఉన్నారు, ఆ పాటల్ని సాక్ష్యానికి పిలవండి అని రోడ్డెక్కింది. గెలిచింది కూడా.

ఆ గెలుపును నమ్మి తిరుపతవ్వ పోయిన నెల పాత పాట క్యాసెట్ తెచ్చి మంజుల చేతిలో పెట్టింది. డెబ్బై ఏళ్ల కిందట నల్లబండ క్వారీలో బండలు పేల్చే మందు ముందే పేలినప్పుడు ఇద్దరే పోయారని కంపెనీ రాసుకుంది. పోయింది పదకొండు మంది. మిగతా తొమ్మిది మంది ఏ కాగితంలోనూ లేరు, ఇంకా ఆ రాళ్ల కిందే ఉన్నారు. వాళ్లలో ఒకతి తిరుపతవ్వ చెల్లెలు అయిలవ్వ.

క్వారీలో ఇరవై మంది వరసగా కూర్చొని కొట్టేవాళ్లు. పాటలో ఒక్కొక్కరికి ఒక చరణం, చరణం చివర ఆ మనిషి దెబ్బ. రాయి మింగిన మనిషి వంతు ఇంకెవరూ కొట్టరు. చరణం పాడి సుత్తెను గాల్లోనే ఆపుతారు. పేలుడు తర్వాత మిగిలినవాళ్లు పాడిన పాట ఆ క్యాసెట్‌లో ఉంది. ఇరవై చరణాలు, తొమ్మిదే దెబ్బలు. మొదటి ఖాళీ ఏడో చరణం దగ్గర, అది అయిలవ్వది. ఎనిమిది తిరుపతవ్వది.

మంజుల గతశ్రావిణి ముందు నిలబడింది. "పాటలో పదకొండు దెబ్బలు ఉండవు. ఎక్కడివివి?"

"పదకొండు చోట్ల శబ్దం లోపించింది. బాగుచేయవచ్చా అని అడిగాను. మీరు అవునన్నారు."

అవును, అంది. టేపు బూజు పట్టి గరగరలాడుతోంది, ఆ గరగర పోతుందనుకుంది. తాత నుంచి తనదాకా రాయి కొట్టిన ఇంట్లో పుట్టి, ఆ ఖాళీ సంగతి యంత్రానికి చెప్పాలని తోచలేదు.

"అసలు ప్రతి ఇవ్వు."

"శుద్ధప్రతి తయారయ్యాక మలినప్రతిని ఉంచను. టేపు చదివేటప్పుడే పొడి అయింది. దెబ్బలన్నీ ఉన్నాయి గనుక కంపెనీ లెక్కే నిలుస్తుంది, మృతులు ఇద్దరు. సాక్షి ప్రత్యక్షంగా పాడితే కొత్త ఆధారంగా తీసుకుంటాను. ఒక్కసారే. రెండోసారి పాడితే అది కంఠస్థం."

మంజుల వంగి అవ్వ చెవిలో చెప్పింది. "ఇప్పుడు నువ్వే పాడాలె అవ్వా. అయిలవ్వ కాడ ఆపాలె."

"నాకు జెప్తున్నవా బిడ్డ," అని నవ్వింది తిరుపతవ్వ. "డెబ్బై ఏండ్ల సంది ఆపుతున్న."

పాట మొదలైంది. గొంతు పలచబడింది గానీ దెబ్బ తప్పలేదు. ఆరు చరణాలు, ఆరు దెబ్బలు. పిల్లలు బల్లల మీదికి వంగి చూస్తున్నారు.

"తట్టెత్తు చెల్లె, పొద్దెక్కిపాయె..."

సుత్తె పైకి లేచి ఆగింది. అవ్వ కళ్లు మూసుకుంది.

ముసలమ్మ మర్చిపోయిందనుకుంది చందన. జాలిపడి, అందించడానికి, బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఆ వెంటనే నలభై చేతులు పడ్డాయి. మంజుల చెయ్యెత్తి ఆపేలోపే అయిపోయింది. పక్కవాళ్లంతా కొడుతుంటే ఆగే చెయ్యి కాదు అవ్వది, కూలి చెయ్యి. సుత్తె రాయి మీద పడింది.

"అయిలవ్వది నేనే కొట్టిన్నా?" అంది తిరుపతవ్వ.

"మర్చిపోయినవని అందిచ్చిన అవ్వా," అంది చందన దగ్గరికొచ్చి.

"మంచిగనే అందిచ్చినవ్ బిడ్డ."

అవ్వ రాయి మీద పడ్డ గాటును వేలితో తడిమింది. తర్వాత ఎనిమిదో చరణం, తన చరణం, ఎత్తుకుంది.

"సుత్తె వట్టక్క, ఎండ ముదిరిపాయె..."

సుత్తె పైకి లేచింది. పిల్లల చేతులు ఒక్కసారిగా బల్లల మీద పడ్డాయి. అవ్వ చెయ్యి మాత్రం పైనే ఉంది.

"సాక్షి ఒక దెబ్బ మరచారు," అంది గతశ్రావిణి. "సరిచేశాను."